‘కారే ఆపుతుందనుకున్నా’: ఒక ఏసీసీ కేసు

ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి డాష్‌క్యామ్ మెమరీ కార్డు, రెండోది విరిగిపోయిన సైడ్ మిర్రర్. మిర్రర్ ఎందుకు తెచ్చారో నాకిప్పటికీ అర్థం కాలేదు, సాక్ష్యం అనుకున్నారేమో. రెండూ టేబుల్ మీద పెట్టి, "మేడమ్, కారు ఆగలేదు. సెన్సార్ పోయింది. సర్వీస్ సెంటర్ వాళ్ళేమో ఏ లోపమూ లేదంటున్నారు. మీరొకసారి చూసి చెప్పండి" అన్నారు.

నేను మెకానిక్‌ని కాదు. లైసెన్సు వచ్చి ఏళ్ళు గడిచినవాళ్ళకు మళ్ళీ డ్రైవింగ్ నేర్పడం నా పని. కొత్త కారు కొని, అందులో ఉన్న సహాయక వ్యవస్థలను సగం నమ్మీ సగం భయపడీ నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఈ కేసు నాలుగు సెషన్లలో అయిపోయింది. పెద్ద ప్రమాదం కూడా కాదు. అయినా రాయాలనిపించడానికి కారణం, ఇందులో ఎవరూ పెద్ద తప్పు చేయలేదు. కారు తను చేయాల్సిందే చేసింది. ఆయన 18 ఏళ్ళుగా బుద్ధిగా నడుపుతున్న మనిషి. పేరు, ఊరు, కారు ఏదన్నది రాయనన్న మాట మీద ఆయన దీనికి ఒప్పుకున్నారు.

వయసు 46. వారానికి రెండుసార్లు, ఒకవైపే 180 కిలోమీటర్ల హైవే ప్రయాణం. కారు కొని 5 నెలలు. అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్, అంటే ఏసీసీ, మొదటి వారం నుంచే వాడుతున్నారు. మనం పెట్టిన వేగం దాటకుండా, ముందు బండిని బట్టి తనే తగ్గుతూ పెరుగుతూ పోయే వ్యవస్థ అది. ఘటన జరిగాక మాత్రం దాన్ని పూర్తిగా ఆపేశారు. ఆపేసినా కుదుట పడలేదు. ముందు ఏ బండి ఇండికేటర్ వేసినా గుండె దడ, భుజాలు బిగుసుకుపోవడం. ఆయన భార్య ఫోన్‌లో నాతో ఒకే మాట చెప్పారు: "ఆ బటన్ జోలికి మళ్ళీ వెళ్ళకుండా చేయండి మేడమ్, చాలు." ఆ కోరిక నేను తీర్చలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ సాయంత్రం

ఇంకా వెలుతురు ఉంది. రోడ్డు పొడిగా ఉంది. మధ్యలో డివైడర్ ఉన్న హైవే. ఏసీసీ 100 మీద సెట్ చేసి ఉంది. ముందు ఒక ఎత్తైన వ్యాన్ 84లో పోతోంది కాబట్టి కారు కూడా 84కి తగ్గి దాని వెనకాలే పోతోంది. ముందు బండికి ఎంత దూరం వదలాలో చెప్పే గ్యాప్ అన్నిటికన్నా తక్కువ మీద పెట్టి ఉంది, మీటర్‌లో ఒకే ఒక్క గీత. వ్యాన్ ఉన్నట్టుండి పక్క లేన్‌లోకి తప్పుకుంది. అది తప్పుకున్న చోట, అదే లేన్‌లో, ఒక చెడిపోయిన లారీ నిలబడి ఉంది. లైట్లు లేవు.

"అప్పుడు మీరేం చేశారు?"

"ఆగుతుందని చూశాను మేడమ్."

"ఎంతసేపు?"

"ఎంతసేపేముంది... ఒక్క క్షణం. కారే ఆపుతుందనుకున్నా."

తర్వాత బ్రేక్ తొక్కి, స్టీరింగ్‌ను రోడ్డు అంచు వైపు తిప్పారు. లారీ మూలకు తగిలి మిర్రర్ ఎగిరిపోయింది, వెనక తలుపు పొడవునా గీసుకుపోయింది. అంచున మనుషులు గానీ బండి గానీ ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

నేను మొదట పట్టుకున్న తప్పుడు దారి

ఘటనకు రెండు నెలల ముందు, పార్కింగ్‌లో ఏదో తగిలి ముందు బంపర్ మార్పించారని మాటల్లో తెలిసింది. నా ఆలోచన వెంటనే అక్కడికే పోయింది. ఏసీసీ ముందు బండిని చూసేది రాడార్‌తో. చాలా కార్లలో అది ముందు లోగో వెనకో, బంపర్ లోపలో ఉంటుంది. అది పక్కకి ఒక్క డిగ్రీ తిరిగినా 100 మీటర్ల దూరంలో చూపు 1.75 మీటర్లు పక్కకి పోతుంది. లేన్ వెడల్పు సుమారు మూడున్నర మీటర్లే కాబట్టి, తన లేన్ మధ్యలో ఉన్న బండిని వదిలి గీత మీద ఉన్నదాన్ని చూస్తున్నట్టు. అందుకే బంపర్ తీసి పెట్టాక క్యాలిబ్రేషన్, అంటే రాడార్ చూపును మళ్ళీ తిన్నగా సరిచేయడం, చేయించాలి, చాలామంది చేయించరు. కేసు దొరికిపోయిందనుకున్నాను.

వారం రోజులు అందులోనే పోయాయి. వేరే చోట క్యాలిబ్రేషన్ చెక్ చేయించాం. అంతా సరిగ్గా ఉంది. పైగా ఆ సాయంత్రం గంటకు పైగా అదే ఏసీసీ వ్యాన్‌నీ అంతకుముందు మూడు నాలుగు బండ్లనీ చక్కగా పట్టుకుని నడిచిందని డాష్‌క్యామ్‌లోనే ఉంది. ఆ ముక్క ముందే చూసి ఉంటే ఆయన్ని వారం తిప్పేదాన్ని కాదు. ‘సెన్సార్ పోయింది’ అన్న ఆయన మాట నాకూ సులువుగా అనిపించింది, అంతే. యంత్రం చెడిపోయిందంటే మనిషికి నేర్పాల్సింది ఏమీ ఉండదు కదా.

ఫ్రేములు లెక్కపెడితే

అప్పుడు వీడియో ముందు కూర్చున్నాం. సెకనుకు 30 ఫ్రేములు. దూరాలను రోడ్డు మీది తెల్ల గీతలను బట్టి అంచనా వేశాను కాబట్టి రెండు మూడు మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు.

లారీ వెనక భాగం మొత్తం కనిపించిన ఫ్రేమ్‌ను సున్నా అనుకుందాం. అప్పటికి కారుకీ లారీకీ మధ్య సుమారు 50 మీటర్లు. 84 అంటే సెకనుకు 23 మీటర్లకు పైనే. ఏమీ చేయకుండా ఊరుకుంటే 2 సెకన్లు దాటగానే ఢీ.

సున్నా తర్వాత మొదట వినిపించేది ఇంజన్. మైక్‌లో స్పష్టంగా ఉంది, ఇంజన్ శబ్దం పెరిగింది. ముందున్న వ్యాన్ పోయింది, దారి ఖాళీ అనుకుని ఏసీసీ తనకు చెప్పిన 100 వైపు బయల్దేరింది. ఆయన ఈ చోట వీడియో ఆపించి మూడుసార్లు విన్నారు. 1.2 సెకన్ల దగ్గర కారు ముక్కు కిందికి వంగింది, అంటే అప్పుడు బ్రేక్ పడింది. దాదాపు అదే సమయంలో ఢీ హెచ్చరిక బీప్. లారీ మూల పక్కనుంచి దాటేటప్పుడు వేగం 50 ప్రాంతంలో ఉంది.

"చూశారా, పెంచింది! ఎదురుగా లారీ పెట్టుకుని పెంచింది!" అన్నారాయన. కోపం న్యాయమైనదే. కానీ కారు ఎందుకు అలా చేస్తుందో అర్థం కాకుండా కోపం మాత్రమే మిగిలితే రేపు ఇంకో కారులోనూ అదే జరుగుతుంది.

ఏసీసీ పుట్టింది సౌకర్యం కోసం. దాని తాత అయిన మామూలు క్రూయిజ్ కంట్రోల్‌కు 1950లో పేటెంట్ తీసుకున్న రాల్ఫ్ టీటర్ చిన్నప్పుడే చూపు కోల్పోయిన ఇంజనీర్. డ్రైవింగ్ చేసేవాళ్ళు వేగాన్ని కుదుపుగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఆయనకు చిరాకు. 1995లో మిత్సుబిషి డయమాంటే కారులో ముందు బండి దూరాన్ని కొలిచే వ్యవస్థ వచ్చినప్పుడు అది యాక్సిలరేటర్ తగ్గించేది, గేర్ దించేది, అంతే. బ్రేక్ దాని చేతిలో లేనే లేదు. ఇప్పటి ఏసీసీకి బ్రేక్ ఉంది, ఆగి మళ్ళీ కదలడం కూడా చాలావాటికి వచ్చు. కానీ మూలంలో దాని ఉద్యోగం మారలేదు: కదులుతున్న బండి వెనక ఇబ్బంది లేకుండా పోవడం.

రాడార్‌కు కదిలే వస్తువును పట్టుకోవడం తేలిక. నిలబడి ఉన్నవాటితోనే చిక్కు. వంతెనలు, బోర్డులు, రోడ్డు పక్క రెయిలింగులు, రోడ్డు మీది ఇనుప మూతలు అన్నీ తిరుగు సంకేతం పంపుతాయి. ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు నడవదు. అందుకని నిలబడి ఉన్నవాటిలో చాలావాటిని వ్యవస్థ పక్కన పెట్టేస్తుంది. కొత్త కార్లలో కెమెరా కూడా తోడై, ఆగి ఉన్న బండిని దూరం నుంచి సూటిగా కనిపిస్తే గుర్తుపట్టేవి ఉన్నాయి. కానీ ముందు బండి చాటున ఉండి, ఉన్నట్టుండి బయటపడినదాన్ని తేల్చుకోవడానికి వాటికీ సమయం చాలదు. ఏసీసీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 15622, నిలబడి ఉన్న వస్తువుకు స్పందించి తీరాలని అడగదు. స్పందించకపోతే ఆ సంగతి కనీసం మాన్యువల్‌లో చెప్పాలంటుంది, అంతే.

ఆయన కారు మాన్యువల్‌లో చెప్పారు. ఏసీసీ భాగంలో, హెచ్చరిక గుర్తు పక్కన, రెండు వాక్యాలు. ఆయన చేతే చదివించాను. చదివి, "ఇంత చిన్న అక్షరాల్లోనా" అన్నారు. నిజమే.

ఇంకో అపోహ కూడా అక్కడే తేలింది. ఢీకొట్టబోయే ముందు తనంతట తాను బ్రేక్ వేసే ఎమర్జెన్సీ బ్రేకింగ్, ఏసీసీ ఒకటేనని ఆయన అనుకున్నారు. రెండూ అదే రాడార్‌నీ కెమెరానీ వాడుకోవచ్చు గానీ పనులు వేరు. ఎమర్జెన్సీ బ్రేకింగ్ చివరి క్షణంలో, దెబ్బ తగ్గించడానికి. పైగా డ్రైవర్ స్టీరింగ్‌ను గట్టిగా తిప్పితే, ‘ఈయన తప్పించుకుంటున్నాడు’ అనుకుని చాలా కార్లలో అది వెనక్కి తగ్గుతుంది. ఆయన విషయంలో అది ఎంత సాయపడిందో వీడియో చూసి చెప్పలేను.

పనిచేసి ఉన్నా సరిపోయేది కాదు

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన లెక్క ఇది. వాదన కోసం, ఏసీసీ లారీని సున్నా సెకను దగ్గరే గుర్తుపట్టిందనుకుందాం. ఏసీసీ వేసే బ్రేక్‌కి ఆ ప్రమాణమే హద్దు పెట్టింది. హైవే వేగాల్లో దాదాపు 3.5 మీ/సె², అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 3.5 మీటర్ల చొప్పున తగ్గడం. ప్రయాణికులు ముందుకి తూలకూడదు, వెనక బండి మనల్ని గుద్దకూడదు, అందుకని. 84 నుంచి ఆ బ్రేక్‌తో ఆగడానికి 78 మీటర్లు కావాలి. ఉన్నవి 50. మనిషి పొడి రోడ్డు మీద పెడల్‌ని మొత్తం తొక్కితే 8 మీ/సె² దాకా వస్తుంది. అప్పుడు ఆగడానికి 34 మీటర్లు చాలు. దానికి కాలు కదిలే సమయం కలపాలి. 1 సెకను పట్టిందనుకుంటే మరో 23. మొత్తం 57.

57 కూడా 50 కన్నా ఎక్కువే. అంటే ఆ సాయంత్రం ఆయన ఎదురు చూడకుండా వెంటనే తొక్కినా ఆ గ్యాప్‌తో ఆగేవారు కాదు. ఈ అంకె బోర్డు మీద రాసినప్పుడు ఆయన ముఖంలో మొదట ఊరట కనిపించింది, తప్పు తనది కాదన్నట్టు. అప్పుడు రెండో లెక్క రాశాను. గ్యాప్ 1 సెకనుకు బదులు 2 సెకన్లుగా పెట్టి ఉంటే, అదే క్షణంలో లారీకి 73 మీటర్ల దూరంలో ఉండేవారు. 57లో ఆగేవారు. ఒకటిన్నర సెకను ఆలస్యమైనా 69లో ఆగేవారు.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ఆ గీతలు ఊరికే సోకు అనుకున్నా మేడమ్" అన్నారు తర్వాత.

పక్క సీట్లో కూర్చుని చూసినవి

లెక్కలు గదిలో తేలతాయి గానీ అలవాట్లు రోడ్డు మీదే కనిపిస్తాయి. రెండో సెషన్‌లో, ఆయనకు భయమున్నా సరే, ఏసీసీ వేసుకుని మామూలుగా ఎలా నడిపేవారో అలాగే నడపమన్నాను. రద్దీ తక్కువ ఉన్న వేళ, 40 కిలోమీటర్లు. నేనేమీ మాట్లాడను, ప్రమాదమనిపిస్తే తప్ప.

మొదట చూసింది కాలు. ఏసీసీ పట్టుకోగానే కుడికాలు వెనక్కి వచ్చి సీటు కింద ముడుచుకుంది. పాదం పక్కకి వాలి, మడమ సీటు పట్టాకి ఆనుకుని ఉంది. సోఫాలో కూర్చున్న కాలు అది. ఆగాక ఇంజన్ ఆపి, ఫోన్‌లో వీడియో తీస్తూ నేను డాష్‌బోర్డ్ మీద తట్టగానే బ్రేక్ తొక్కమన్నాను. ముడుచుకున్న చోటు నుంచి 31 ఫ్రేములు, సెకను దాటింది. మడమ నేల మీద ఆన్చి, పాదం బ్రేక్ ఎదురుగా పెట్టుకుంటే 17. తేడా దాదాపు అర సెకను. 84లో అది 11 మీటర్లు. రెండు కార్ల పొడవు కన్నా ఎక్కువ.

తర్వాత కళ్ళు. ముందున్న బండిని ఏసీసీ పట్టుకోగానే మీటర్‌లో చిన్న కారు బొమ్మ ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆయన చూపు మాటిమాటికీ ఆ బొమ్మ దగ్గరికి పోతోంది. బొమ్మ ఉంటే భుజాలు వదులవుతాయి. రోడ్డు వైపు చూసినా ముందు బండి బంపర్ దగ్గరే ఆగిపోతోంది. ఒకచోట అడిగాను:

"మీ ముందు నుంచి లెక్కపెడితే మూడో బండి ఏంటి?"

"మూడోదా? ..." తల పక్కకి వంచి చూశారు. "కనపడట్లేదు మేడమ్, ఇది అడ్డం వచ్చింది."

18 ఏళ్ళుగా తెలియకుండానే చేస్తున్న పని అది, దూరంగా చూడటం. 5 నెలల్లో వదిలేశారు. మనిషిని కాపలా పనికి పెడితే జరిగేది ఇదే. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అనే పరిశోధకుడు, రాడార్ తెరలు చూసేవాళ్ళ సమస్య అర్థం చేసుకోవడానికి, గడియారం లాంటి పరికరంలో ముల్లు అప్పుడప్పుడు రెట్టింపు గంతు వేస్తే పట్టుకోమని మనుషులను కూర్చోబెట్టాడు. అరగంటలోపే పట్టుకోవడం తగ్గిపోయింది. ఏమీ చేయకుండా, ఏమైనా జరుగుతుందేమోనని చూస్తూ ఉండటం మనకు చేతకాని పని. ఏసీసీ కాలికున్న పని తీసేసి ఆ పనిని కంటికి అప్పగిస్తుంది.

మూడోది నేను ఊహించనిది. ఒక చిన్న కారు మా ముందుకి దూరింది. ఏసీసీ కాస్త గట్టిగానే బ్రేక్ వేసింది. వెంటనే ఆయన పాదం సీటు కింది నుంచి వచ్చి యాక్సిలరేటర్ మీద మెల్లగా ఆనింది. బ్రేక్ వదులైంది.

"ఇప్పుడేం చేశారు?"

"మరీ గట్టిగా పడుతుంది మేడమ్, వెనకవాళ్ళకి ఇబ్బంది. అందుకే కొంచెం ఇస్తా. స్మూత్‌గా పోతుంది."

నేను అప్పుడు నోరు విప్పక తప్పలేదు. యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపూ ఏసీసీ బ్రేక్ వేయదు. డ్రైవరే చూసుకుంటున్నాడని అది పక్కకి తప్పుకుంటుంది. మీటర్‌లో ఒక చిన్న అక్షరాల సందేశం తప్ప వేరే సూచన ఉండదు. ముందు బండి సరిగ్గా అప్పుడే ఆగితే, కారు తనని చూసుకుంటోందని ఆయన, ఆయన చూసుకుంటున్నారని కారు. ఈ కేసులో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది లారీ కాదు, ఇది.

చివర్లో హైవే దిగే ర్యాంప్ వచ్చింది. మేము పక్కకి తిరిగాం, ముందు కారు తిన్నగా పోయింది. బొమ్మ ఆరిపోయింది, ఇంజన్ గర్జించింది, వంపులోకి కారు దూసుకెళ్ళబోయింది. ఆయన అలవాటుగా బ్రేక్ తొక్కి నవ్వారు: "ఇక్కడ ఎప్పుడూ ఇంతే."

"ఎందుకంటారు?"

"ముందు కారు పోయింది కదా, ఖాళీ అనుకుం..." మాట సగంలో ఆగిపోయింది. వారానికి రెండుసార్లు ర్యాంప్ మీద చూస్తున్నదే ఆ సాయంత్రం లారీ దగ్గర జరిగింది. అది ఆయనకు నేను చెప్పలేదు, ర్యాంపే చెప్పింది.

ఏం మార్చాం

ఏసీసీ వాడొద్దని ఎందుకు చెప్పలేదంటే, అది లేకుండా ఈయన హైవే మీద బాగా నడపడం లేదు. ఘటన తర్వాత భయంతో నడిపిన వీడియోలు కూడా చూశాను. అలసిపోయాక గ్యాప్ 1 సెకను కన్నా తగ్గిపోతోంది, వేగం ఎగుడుదిగుడుగా ఉంది. సరిగ్గా పెట్టుకున్న ఏసీసీ ఈ రెండింట్లోనూ మనిషి కన్నా ఓపికమంతురాలు. నాకు దానితో పేచీ లేదు. దాని పని ఎక్కడ ఆగుతుందో తెలియకుండా వాడటంతోనే.

మొదట గ్యాప్ సంగతి. మాన్యువల్‌లో గీతలకు సెకన్లు ఇవ్వలేదు. ముందు బండి ఒక బోర్డు దాటగానే లెక్క మొదలుపెట్టి మేము దాటేదాకా కొలిచాం. నాలుగు గీతల్లో మూడోది సుమారు 2 సెకన్లు. అదే పెట్టుకోమన్నాను. వాన, చీకటి, ముందు ఎత్తైన బండి ఉంటే నాలుగోది. ఇక్కడ ఆయన ఒప్పుకోలేదు. "అంత గ్యాప్ వదిలితే అందరూ దూరతారు మేడమ్. ఇక నేను ఇంటికి చేరినట్టే."

ఈ మాట అనని డ్రైవర్ ఇంతవరకూ నాకు తారసపడలేదు. వాదించకుండా లెక్కపెట్టాం. మూడో గీత మీద అదే 40 కిలోమీటర్లలో 11 బండ్లు మా ముందుకి దూరాయి. ఒక్కోటి దూరినప్పుడు మళ్ళీ 2 సెకన్ల గ్యాప్ రావడానికి మనం వెనకబడేది సుమారు ఆ 2 సెకన్లే. 11 బండ్లకు అర నిమిషం కూడా కాదు. మొత్తం 180 కిలోమీటర్లకు 50 బండ్లు దూరినా రెండు నిమిషాలు దాటదు. "రెండు నిమిషాలా?" అని కాగితం తీసుకుని తనే మళ్ళీ గుణించుకున్నారు. లెక్కల మనిషి కావడం నాకు కలిసొచ్చింది.

దూరే బండ్ల గురించి ఇంకో మాట. పక్క లేన్‌లో ఉన్నదాన్ని, అది మన గీత మీదికి సగం వచ్చేదాకా చాలా ఏసీసీలు లెక్కలోకి తీసుకోవు. మోటార్‌సైకిల్ అయితే ఇంకా ఆలస్యం, సన్నగా ఉంటుంది, లేన్ అంచున పోతుంది. మనకు మాత్రం దాని ముందు చక్రం తిరగడం, నడిపేవాడి తల తిరగడం కనిపిస్తాయి. కనిపించినప్పుడే కాలు బ్రేక్ ఎదురుగా రావాలి. అవసరమైతే తనే తొక్కాలి, యంత్రం గట్టిగా తొక్కేదాకా ఆగకూడదు. మనం ముందే మెల్లగా తొక్కితే ఆయనకు నచ్చని ఆ కుదుపూ ఉండదు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టే అవసరమూ ఉండదు.

కాలికి జాగా చూపించాం: మడమ నేల మీద, పాదం బ్రేక్‌కు ఎదురుగా, పెడల్‌ను తాకకుండా. పావుగంటకే పిక్క నొప్పి పుడుతుందన్నారు. నిజమే, పుడుతుంది. అందుకని ఖాళీ రోడ్డు మీద కాలు కాస్త వెనక్కి తీసుకోవచ్చు, ముందు బండి ఉన్నప్పుడు మాత్రం కుదరదని రాజీ పడ్డాం.

కళ్ళకు ఇచ్చిన పని పాతదే, పోలీసు డ్రైవింగ్ శిక్షణలో ఎన్నాళ్ళుగానో వాడుతున్నది: చూసింది నోటితో చెప్తూ నడపడం. మూడో సెషన్ అంతా ఆయన చెప్తూనే ఉన్నారు. "ముందు తెల్ల కారు, దాని ముందు ట్యాంకర్, మూడోది బస్సు, బస్సు బ్రేక్ లైట్లు..." మొదట సిగ్గుపడ్డారు, పది నిమిషాలకి గొంతు స్థిరపడింది. దీనికి ఒక నియమం జోడించాను. మూడో బండి కనపడకపోతే, ముందున్నది ఎత్తైన బండి అయితే, గ్యాప్ పెంచాలి. పెంచినా కనపడకపోతే బొటనవేలితో క్యాన్సిల్ నొక్కి, తనే నడుపుతూ వెనక్కి తగ్గాలి. ఇక ముందు బండి లేన్ మారడం మొదలుపెట్టిన ప్రతిసారీ, కారణం తెలిసేదాకా ఆగకుండా, పాదం బ్రేక్ మీదికి. పదిలో తొమ్మిదిసార్లు అక్కడ ఏమీ ఉండదు. ఆ తొమ్మిదిసార్లూ పాదం ఊరికే వచ్చి ఊరికే పోతుంది, ఎవరికీ ఏమీ పోదు.

కార్ల భద్రతను పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2018లో పది కార్ల హైవే సహాయక వ్యవస్థలను పరీక్షించినప్పుడు, ముందు బండి తప్పుకోగానే ఆగి ఉన్న బండి బయటపడే పరిస్థితిని ప్రత్యేకంగా పెట్టింది. ఆ సంగతి చెప్తే ఆయన, "అంటే నా ఒక్కడికే కాదన్నమాట" అన్నారు. ఆ రోజు తర్వాత సెన్సార్ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాలుగో సెషన్‌లో ఎక్కువసేపు ఆపేయడమే నేర్చుకున్నాం. టోల్ గేటు క్యూ కనపడగానే, రోడ్డు పనుల బోర్డు రాగానే, ర్యాంప్‌కి ముందు, మలుపుల రోడ్డులో, జోరు వానలో ఆపేయాలి. మలుపులో ముందు బండి రాడార్ చూపు దాటి పోతుంది, లేదా పక్క లేన్‌లోది ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తుంది. జోరు వానకీ బురదకీ సెన్సారే మూసుకుపోవచ్చు, తడి రోడ్డు మీద టైరు జారితే వేగం పట్టుకుని ఉండటమే ప్రమాదం. ‘రెజ్యూమ్’ బటన్ గురించి గట్టిగానే చెప్పాను. బ్రేక్ తొక్కాక ఆయన చూడకుండా దాన్ని నొక్కేవారు, అది గంట కింద పెట్టిన 100ని గుర్తుపెట్టుకుని 60 రోడ్డులో కూడా దానివైపే లాగేది. ఇప్పుడు నొక్కే ముందు మీటర్‌లో అంకె చదవాలి. తేడా ఉంటే రెజ్యూమ్ కాదు, ఇప్పటి వేగాన్నే పట్టుకునే ‘సెట్’.

మూడు నెలల తర్వాత

అన్నీ కుదిరాయని చెప్పను. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఆయన ఇప్పటికీ గ్యాప్‌ని ఒక్క గీతకి దించుతారు. 20 వేగంలో అది అంత ప్రమాదం కాదని ఆయన వాదన, దించినవాళ్ళు హైవే ఎక్కాక పెంచడం మర్చిపోతారని నా వాదన. రెండుసార్లు మర్చిపోయారు కూడా, ఆయనే చెప్పారు. కాలు మాత్రం బాగుపడింది. యాక్సిలరేటర్ అలవాటు పోయింది. భుజాలు దిగాయి. ఆయన భార్య మొదట నా మీద కాస్త అలిగారు, బటన్ మాన్పించలేదని. తర్వాత ఒకసారి ప్రయాణంలో వెంట వచ్చి, ఈ మూడో బండి సంగతి తెలుసుకున్నారు.

గత వారం ఆయన ఒక డాష్‌క్యామ్ ముక్క పంపించారు, 20 సెకన్లది. రాత్రి. ముందు ఎత్తైన కంటైనర్ ఒకటి పోతోంది, వేగం 88. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"మూడోది ఏంటండీ?"

కాసేపు టైర్ల శబ్దమే.

"కనపడట్లేదు."

టింగ్‌మని చిన్న శబ్దం, ఏసీసీ ఆపినప్పుడు ఆ కారులో వచ్చేది. అంకె 88 నుంచి 85, 82, 79కి దిగింది. కంటైనర్ ఎర్ర లైట్లు దూరం జరిగాయి, వాటి పక్కనుంచి అవతలి రోడ్డు కొంచెం కనిపించింది. వీడియో అక్కడితో అయిపోయింది.